ఖాళీ వెనక సీటుతో గూడెం కొత్తవీధి దాకా

మాకు ఈస్టరు సమాధుల తోటలో మొదలవుతుంది. ముందురోజే సున్నాలు కొట్టి, పూలు తెచ్చుకుని, చీకటి విడవకముందే కొవ్వొత్తులతో వెళ్ళి మావాళ్ళ పక్కన నిలబడి పాడతాం. ఈ ఏడు విజయనగరంలోని మా తోటలో మా ఇంటి సమాధి ఒకటి కొత్తగా చేరింది. వానాకాలంలో నా భార్య రూతు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. ఇది మొదటి ఈస్టరు కనుక నేను అక్కడే ఉంటానని సంఘంలో అందరూ అనుకున్నారు. నేను మోటారు సైకిలెక్కి కొండలకి వెళ్ళాను.

కారణం ఉంది. రూతు నర్సు ఉద్యోగం మొదలుపెట్టింది గూడెం కొత్తవీధి పైనున్న ఒక కొండ పల్లెలో. అక్కడ ఇప్పుడు పిల్లల్ని ఎత్తుకు తిరిగే తల్లుల్లో చాలామంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళే. వాళ్ళకి ఆమె సిస్టరమ్మ. నేను మిషను ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయినా, ఆ పల్లెలో నాకున్న పేరు మాత్రం సిస్టరమ్మ గారి అయ్య. బదిలీ అయి కిందికి వచ్చేశాక కూడా ప్రతి ఈస్టరుకీ ఇద్దరం వెళ్ళేవాళ్ళం. ఆమె పోయిన సంగతి వాళ్ళకి తెలియదు. నా దగ్గర ఉన్నది ఒక్క నంబరే. దానికి ఎన్నిసార్లు చేసినా అందుబాటులో లేదనే వచ్చింది. నేను వెళ్ళకపోతే వాళ్ళు శనివారం సాయంత్రం రోడ్డు మీదికి వచ్చి మా కోసం చూస్తారు. చీకటి పడేదాకా చూస్తారు. అందుకని ఈస్టరు తెల్లారేలోపు చేరుకుని, నా నోటితో నేనే చెప్పాలనుకున్నాను.

బయల్దేరే ముందు

నా పాత స్కూటరుకి బ్యాటరీ పాడైతే ఎవరికీ భయం ఉండేది కాదు. మూత విప్పి డిస్టిల్డ్ వాటర్ పోసుకోవడమో, కిక్కు కొట్టుకోవడమో. ఇప్పటి బండి అలా కాదు. దీనికి కిక్ రాడ్ లేదు. పెట్రోలు ఇంజన్లోకి పంపడానికి కూడా కరెంటే కావాలి. హెడ్‌లైటు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది, ఆర్పే మీటే లేదు. బ్యాటరీ అయితే సీలు వేసిన నల్ల డబ్బా, లోపల ఏముందో కనిపించదు. వెనక సీటు మెత్తగా ఉందని, మోకాళ్ళ నొప్పికి హాయిగా ఉందని రూతు ఈ బండిని ఎంచుకుంది.

ఆమె పోయాక బండిని టార్పాలిన్ కింద పెట్టేసి మళ్ళీ ముట్టుకోలేదు. ఈస్టరు దగ్గరపడ్డాక టార్పాలిన్ తీస్తే మీటరులో చుక్క వెలుగు లేదు. మా వీధి మెకానిక్ అప్పలరాజు బ్యాటరీ తీసుకెళ్ళి ఛార్జింగు పెట్టి తెచ్చాడు.

"వారానికి ఒక్కసారన్నా తిప్పుండాల్సింది కాంపౌండరు గారూ. ఊరికే నిలబెడితే బ్యాటరీ చచ్చిపోద్ది."

"ఛార్జింగు ఎక్కిందిగా?"

"బేగి ఎక్కీసింది, ఇలా పెట్టానో లేదో. అదే నాకు నచ్చట్లేదు. బేగి నిండిందంటే లోపల చోటు తగ్గిపోయిందన్నమాట. కొత్తది సోమవారం వస్తాది, ఆగండి."

సోమవారానికి ఈస్టరు అయిపోతుంది. చిన్న ఛార్జరొకటి కొనుక్కుని సంచిలో వేసుకున్నాను. ప్లగ్గు దొరికిన చోటల్లా పెట్టుకోవచ్చు. ఎర్రదీపం పచ్చగా మారితే ఛార్జింగు నిండినట్టు.

అనంతగిరి

శృంగవరపుకోట దాటి ఘాటు ఎక్కుతుంటే గాలి మారుతుంది. మా ఊళ్ళో ఫ్యాను కింద కూడా చెమట పట్టే రోజులవి, ఇక్కడ చొక్కా గుండీ పెట్టుకోవాలనిపించింది. మలుపుల్లో వెనక నుంచి భుజం మీద చెయ్యి పడేది ఇదివరకు. మెల్లగా అని అర్థం. ఈసారి ప్రతి మలుపులోనూ దానికోసం ఒక్క క్షణం ఆగాను.

మేం ఎప్పుడూ ఆగే టీ కొట్టు రోడ్డు పల్లంగా దిగేచోట ఉంటుంది. ఆ కొట్టామె గ్లాసు ముందు పెట్టి, నా వెనక్కి చూసింది.

"అమ్మగోరు రానేదేటి ఈసారి?"

"రాలేదమ్మా."

"మోకాళ్ళేటి, ఇంకా బాగవనేదా?"

నేను టీ ఊదుకుంటూ తలూపాను. ఆమె లోపలికి వెళ్ళి కాగితంలో పిడికెడు మిరియాలు కట్టి తెచ్చింది. "మా తోటయే. చారులో ఎయ్యమను, నొప్పులకి మంచిది." డబ్బులివ్వబోతే, "మీకేటి ఇత్తన్నాను? అమ్మగోరికి కదా!" అని కసిరింది. ఆ పొట్లం చొక్కా జేబులో పెట్టుకుని బండెక్కాను. చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది.

అరకులో ఒక్కడికి గది

వరసగా సెలవులు కలిసొచ్చాయేమో అరకంతా జనం. స్ట్రాబెర్రీ డబ్బాలు, కాఫీ పొడి పొట్లాలు, వెదురు బొంగుల్లో కాల్చిన కోడి. మా ఊళ్ళో పది రూపాయల టీ తాగేవాడికి ఇక్కడి ముప్పై రూపాయల కాఫీ మొదట మింగుడు పడదు గాని, ఆ వాసనకి అలవాటు పడితే ఇంటికెళ్ళాక మన కాఫీయే నచ్చదు. లాడ్జి కౌంటర్లో ఉన్న కుర్రాడు నా ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పాడు.

"ఎంతమంది సార్?"

"ఒక్కణ్ణే."

"ఒక్కళ్ళకి గది ఇవ్వం సార్. ఏమీ అనుకోవద్దు. ఒక్కళ్ళే వచ్చినవాళ్ళు..." అని ఆగిపోయాడు.

వాడి భయం నాకు అర్థమైంది. "నేను ఆదివారానికి గూడెం చేరాలి బాబూ. ఏ అఘాయిత్యమూ చేసుకోను. నాకు కావలసింది ఒక ప్లగ్ పాయింటు."

"ఎలక్ట్రిక్ బండా సార్?"

"పెట్రోలు బండే. బ్యాటరీ మాత్రం గదిలో పడుకుంటుంది."

నేను సీటు విప్పి, ముందు నల్ల వైరూ తర్వాత ఎర్ర వైరూ ఊడదీసి, బ్యాటరీని పొత్తిళ్ళలో బిడ్డలా పట్టుకుని మెట్లెక్కుతుంటే ఆ కుర్రాడు నవ్వు ఆపుకోలేక, "ఇద్దరని రాసీమంటారా సార్?" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. గదిలో రెండు మంచాలున్నాయి. రెండో మంచం మీద పేపరు పరిచి బ్యాటరీ పెట్టాను. ఛార్జరు మీద ఎర్రదీపం వెలిగింది. నేను ప్రార్థన ముగించి లేచేసరికే అది పచ్చగా మారింది. అప్పలరాజు నచ్చలేదన్నది ఇదే.

మర్నాడు శుభ శుక్రవారం. సిలువ మీది ఏడు మాటల ఆరాధనకి అక్కడి చర్చిలో కూర్చున్నాను. కొన్ని మాటలు తెలుగులో, కొన్ని వాళ్ళ ఆదివాసీ ఒరియాలో చెప్పారు. మా చర్చిలో ఆ పూట ఫ్యాన్ల చప్పుడు ఎక్కువ. ఇక్కడ ఫ్యాన్లు లేవు, ఎవరైనా వెక్కితే చర్చి మొత్తానికి వినపడుతుంది. ప్రభువు తన తల్లిని శిష్యుడికి అప్పగించిన మాట దగ్గర నా పక్కనున్న పెద్దాయన ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. రూతు నన్ను ఎవరికి అప్పగించిందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. పిల్లలు లేరు మాకు. ఉపవాసం కనుక వెదురు కోడి కొట్ల ముందు నుంచి ముక్కు మూసుకుని నడిచి గదికి చేరాను.

డుంబ్రిగుడ దాటాక

శనివారం ఉదయం డుంబ్రిగుడ దాటిన దగ్గర్నుంచి రోడ్డుకి అడ్డంగా వెదురు బొంగులు మొదలయ్యాయి.

ఇటుకల పండగ రోజులవి. మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని వేటకి అడవిలోకి వెళతారు. ఆడవాళ్ళు ఊరి ముందు బొంగు అడ్డం పెట్టి, వచ్చే పోయే బళ్ళని ఆపి, పాడి, ఆడి, పండగ డబ్బులు పుచ్చుకుంటారు. వేటకి వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగవాడి మీద పేడనీళ్ళు చల్లి ఏడిపిస్తారట. మా కింద ఊళ్ళలో పండగ చందాకి మగపిల్లలు రసీదు పుస్తకంతో వస్తారు. ఇక్కడ పాట వినకుండా ఎవరూ డబ్బులివ్వరు.

నాకు ఒక ఇబ్బంది ఉంది. వేరే దేవత పండగకి విశ్వాసి డబ్బివ్వవచ్చునా? చిన్నప్పటి నుంచి వద్దనే విన్నాను. అందుకని ప్రతి బొంగు దగ్గరా బండి ఆపి, హెల్మెట్ తీసి, నమస్కారం పెట్టి, నేను ఫలానా నమ్మకం వాణ్ణమ్మా, డబ్బులివ్వలేను, పిల్లలకి ఇవ్వండని బిస్కట్ పొట్లాలు తీసేవాణ్ణి. వాళ్ళు ఒప్పుకోరు. నేను వాక్యం నుంచి రెండు మాటలు చెబుతాను. వాళ్ళు ఇంకో పాట అందుకుంటారు. ఈ సంవాదమంతా జరుగుతుండగా నేను హ్యాండిల్ మీది ఎర్ర మీట నొక్కి ఇంజను మాత్రమే ఆపాను. తాళం తిప్పలేదు. హెడ్‌లైటు ఎండలో వెలుగుతూనే ఉంది. బొంగుకీ బొంగుకీ మధ్య దూరం కొంచెం. తాగిన కరెంటు తిరిగి నిండే లోపే మళ్ళీ ఆపడం, మళ్ళీ బటను నొక్కడం.

ఒక ఎత్తు ముందర, చింతచెట్ల నీడలో ఉన్న బొంగు దగ్గర ఆడవాళ్ళు ఎక్కువమంది ఉన్నారు. వాళ్ళకి పెద్ద, ముక్కుకి మూడు పుడకల ముసలామె. నా ప్రసంగం సగంలో ఉండగానే ఒక పడుచుపిల్ల బండి చుట్టూ తిరిగి చూసింది.

"ఎనక సీటు ఖాళీగా ఉన్నాది సూడండే! ఏటకెల్లి ఉత్తి సేతుల్తో వచ్చీసినాడు ముసిలోడు! పేడనీళ్ళు తేండే!"

అందరూ గొల్లుమన్నారు. ఇంకొకామె, "నీ ఆడదేది మావా? దారిలో పడిపోనాదేటి?" అంది.

"చనిపోయిందమ్మా" అన్నాను.

ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో తెలియదు. అందాకా మోగుతున్న డప్పు ఆగింది. పడుచుపిల్ల నాలుక కరుచుకుని ముసలామె వెనక్కి వెళ్ళింది.

ముసలామె నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "ఎప్పుడు?"

"వానల్లో."

"ఆ మాట ముందే సెప్పొచ్చు కద బావు. ఊరికే బిస్కట్లు, కబుర్లు! సావొచ్చిన ఇంటి మడిసి దగ్గర మేం తీసుకోం." తనే వెళ్ళి బొంగు పైకెత్తింది. "ఎల్లు."

నేను బటను నొక్కాను. టిక్ టిక్ టిక్ అంది. మళ్ళీ నొక్కితే ఆ చప్పుడు ఇంకా నీరసంగా వచ్చింది.

"ఏటయినాది?"

"బ్యాటరీ అయిపోయిందమ్మా."

"కిక్కు కొట్టు మరి."

"దీనికి కిక్కు లేదు."

"కిక్కు నేదేటి!" ముసలామె నోరు తెరిచింది. "లచ్చ రూపాయలెట్టి కిక్కు నేని బండి కొన్నాడే!"

మళ్ళీ నవ్వులు. ఈసారి వాటిలో నేనూ ఉన్నాను. ఆ ఆదివారం ప్రభువు సమాధి దగ్గరికి పోతున్న ఆడవాళ్ళు, రాయి మనకోసం ఎవరు దొర్లిస్తారని దారిలో అనుకున్నారు కదా. నాకది శనివారం, నా రాయిని దొర్లించడానికి వచ్చింది ఈ ఆడవాళ్ళే. కొంగులు నడుముకి బిగించి, మళ్ళీ పాట అందుకుని బండిని ఆ ఎత్తు మీదికి తోశారు. అవతల రోడ్డు బాగా పల్లం. మీటరు ఇంకా మసకగా వెలుగుతోంది కనుక ఆశ ఉంది. బొత్తిగా ఆరిపోతే తోసినా లాభం లేదు.

"ఎందాకా ఎల్లాల?" రొప్పుతూ అడిగింది ముసలామె.

"గూడెం కొత్తవీధి పైకి. అక్కడ ఆమెని ఎరిగినవాళ్ళున్నారు. వాళ్ళకి చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియట్లేదు."

"మాకు సెప్పినట్టే సెప్పు. ఒక్క ముక్కే కద. దారిలో ఎక్కడా ఆపకు."

రెండో గేరులో పెట్టి, క్లచ్ పట్టుకుని, పల్లంలోకి దొర్లి, వేగం అందాక క్లచ్ వదిలాను. బండి ఒక్కసారి ఎగిరిపడి అందుకుంది. వెనక కేకలు వినపడ్డాయి. చెయ్యి ఊపడానికి కూడా ధైర్యం చాలక ముందుకే చూశాను.

పాడేరులో ఆకలేసింది, ఆపలేదు. చింతపల్లిలో గొంతు ఎండింది, ఇంజను తిరుగుతూ ఉండగానే రోడ్డు పక్కన ఒకామె దగ్గర మజ్జిగ తాగాను. మిగిలిన బొంగులవాళ్ళకి దూరం నుంచే నా ఒక్క ముక్కా అరిచి చెప్పాను. అందరూ బొంగెత్తారు. అరిచిన ప్రతిసారీ అది నాకు కొత్తగానే వినపడింది.

కొండ మీద

గూడెం కొత్తవీధి దాటాక కాఫీ తోటల్లోంచి ఒక నిటారైన గట్టు ఎక్కితే ఆ పల్లె. ఎండ ఇంకా కొండల మీద ఉంది. అనుకున్నట్టే వాళ్ళు రోడ్డు మీదికి వచ్చి ఉన్నారు. ముందు మరియమ్మ. రూతు అక్కడికి వెళ్ళిన తొలి ఏడు ఈమెకి కాన్పు చేసింది, అక్షరాలు కూడా నేర్పింది. ఇప్పుడు సంఘంలో పాటలెత్తేది, ముగ్గు దగ్గర్నుంచి బల్ల గుడ్డ దాకా చూసేది ఈమే.

బండి ఆపాను. తాళం కూడా తిప్పాను. హెల్మెట్ తీసి, దారంతా సిద్ధం చేసుకున్న మాట కోసం నోరు తెరిచాను.

"మరియమ్మా, రూతు..."

"ఇన్నాం అయ్యా" అంది ఆమె.

"ఎవరు చెప్పారు?"

"ఎవులు సెప్తారు? మీ బండి సప్పుడు మాకు తెల్దా. ఇద్దరెక్కితే ఆ గట్టు కాడ మూలుగుతాది, గేరు మారుత్తారు, మళ్ళీ మూలుగుతాది. ఇయ్యాల మూలగనేదు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మీరు కనపడకముందే పిల్లల్ని అరవొద్దన్నాను."

మరియమ్మ నా చేతిలో సంచి అందుకుంది. జేబులో మిరియాల పొట్లం తగిలితే తీసి ఆమెకిచ్చాను. ఎవరిచ్చారో, ఎవరికిచ్చారో చెప్పాను. ఆమె విప్పి వాసన చూసి, "రేపు కోడిలో ఏత్తాను" అంది.

మర్నాడు చీకటితోనే సమాధులు పెట్టుకున్న వాలు మీదికి వెళ్ళాం. మైకు లేదు. సంఘ పెద్ద దానియేలు నా దగ్గరికి వచ్చి, "మైకు ఇన్వర్టరుకి మీ ఛార్జరు తగిలించీసినానయ్యా. సోలారు కరెంటంతా మీ బ్యాటరీకే పోనాది" అన్నాడు. చర్చి గుమ్మంలోంచి ఛార్జరు పచ్చదీపం కనపడుతోంది.

పాట మొదలుపెట్టబోతేనే గుర్తొచ్చింది, ప్రతి ఈస్టరుకీ మొదటి పాట ఎత్తుకునేది రూతే. అందరూ అలవాటు కొద్దీ ఎదురుచూశారు. మరియమ్మ ఆగి ఆగి, రూతు ఎత్తుకునే స్థాయికి బాగా కిందనుంచి మొదలుపెట్టింది. అందరూ ఆ కింది స్థాయికే దిగి పాడారు. అప్పుడు ఏడ్చాను నేను.

ప్రతి సమాధి దగ్గరా కొవ్వొత్తి వెలిగింది. మరియమ్మ చేతిలో ఒకటి మిగిలింది. అటూ ఇటూ చూసి, దిగువన చర్చి పక్కనున్న బండి దగ్గరికి నడిచింది. వెనక సీటు మీద మైనం కార్చి, కొవ్వొత్తిని అక్కడ నిలబెట్టింది.

"పెట్రోలు బండి మరియమ్మా!"

"టాంకు దూరంగానే ఉన్నాదిలే" అంది.

ఆరాధనలో సాక్ష్యాల వేళ నేను లేచి ఆమె చివరి రోజుల సంగతి చెప్పాను. తర్వాత సామ అన్నం, మిరియాల కోడి. అడ్డాకుల్లో వడ్డించారు. నిరీక్షణ ఉన్నవాడు దుఃఖపడకూడదని నేనే ఎన్నో ఇళ్ళలో చెప్పాను. ఆ పూట తెలిసింది, రెండూ ఒకే ఆకులో తినవచ్చు.

తిరుగు దారి

పాడేరు నుంచి కిందికి దిగే దారి ఉంది, దగ్గర కూడా. కానీ ఆ బొంగు దగ్గర ఒకామె నాకోసం కాకపోయినా నా కబురు కోసం చూస్తుందనిపించింది. సోమవారం వెళ్ళిన దారినే తిరిగి వచ్చాను. వెనక సీటు మీద మరియమ్మ కట్టిచ్చిన మూట ఉంది. పసుపు కొమ్ములు, కాఫీ గింజలు, ఉడికించిన గుడ్లు, పనసకాయ ముక్కలు.

బొంగు అక్కడే ఉంది. ఇంజను ఆపకుండా కాళ్ళు కింద పెట్టాను.

"సెప్పినావా?" అంది ముసలామె.

"చెప్పనక్కర్లేకపోయింది. బండి చప్పుడు విని వాళ్ళే తెలుసుకున్నారు."

ఆమె బండి వంక చూసింది. "కిక్కు నేదు గాని నోరున్నాది దీనికి."

ఇంతలో ఆ పడుచుపిల్ల వెనక్కి వచ్చి మూట చూసింది. మొన్నటి మాటకి భయపడుతూనే, ఆగలేక అరిచింది. "ఏట దొరికినాదే మావకి!"

"అయితే ఇయ్యాల్సిందే" అంది ముసలామె చెయ్యి చాచి. "సావు కబురు సెప్పీసినావు. ఇప్పుడు నువ్వూ అందరి లాంటోడివే."

నేను వాక్యాలు వెతుక్కోలేదు. మూట విప్పి గుడ్లూ పనస ముక్కలూ వాళ్ళ కొంగుల్లో పోశాను. పండగ డబ్బులు కూడా ఇచ్చాను. ముసలామె ఒక గుడ్డు అక్కడే పగలగొట్టి, సగం తను తిని సగం నాకు పెట్టింది. మూట తీసిన చోట మైనం మరక తెల్లగా ఉంటే గోటితో గీకబోయింది. ఉండనీ అన్నాను. ఉంచింది.

"మోటారాపకు. మళ్ళీ తొయ్యలేం" అని బొంగెత్తింది.

ఆపలేదు. డుంబ్రిగుడ, అరకు, రైలు సొరంగం పక్క మలుపులు, అన్నీ ఆపకుండానే దాటాను.

అనంతగిరిలో మాత్రం ఆపాను. మిరియాలిచ్చినామెకి ఆ ఒక్క ముక్కా చెప్పాలి. తాళం కూడా తిప్పాను. టీ కొట్టు ముందు రోడ్డు పల్లంగానే ఉంటుంది.